పెంటయ్య బాయికాడి డబ్బా

ఎల్లేశం కొట్టు కూకట్‌పల్లిలో బొంబాయి రోడ్డు పక్కన ఉండేది. కాలిపోయిన మోటార్లకు మళ్ళీ రాగితీగ చుట్టి నడిపించడం అతని పని. 1973లో నా టేబుల్ ఫ్యాన్ పట్టుకుని మొదటిసారి ఆ కొట్టుకు వెళ్ళాను. అప్పటికి నేను బాలానగర్‌లో ఒక కార్ఖానాలో టెస్టర్ని. పేరు రామబ్రహ్మం, ఊరు తణుకు దగ్గర, చదివింది డిప్లొమా. కూకట్‌పల్లి ఊళ్ళో బుచ్చమ్మగారింట్లో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాణ్ణి. ఎల్లేశం నా ఫ్యాన్ పక్కన పెట్టి, బల్ల మీదున్న ట్రాన్సిస్టర్ రేడియో చూపించి, "సారూ, మీరు గా కంపెనీల ఉంటరు గద, గిది ఎందుకు పలుకుతలేదో జర చూస్తరా?" అన్నాడు. చీకటిపడే దాకా ఇద్దరం ఆ రేడియో మీదే ఉన్నాం. ఫ్యాన్ సంగతి వారం తర్వాతగాని గుర్తు రాలేదు.

క్లబ్బు అలా మొదలైంది. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి కొట్టులో చేరేవాళ్ళం. "రేడియో, ఎలక్ట్రానిక్స్ అభిరుచి సంఘం" అని ఒక అట్టముక్క మీద పుణ్యవతిగారు అందంగా రాసి గోడకు తగిలించారు. ఆవిడ అక్కడి హైస్కూల్లో సైన్సు టీచరు, గుడివాడ వైపు మనిషి. పిల్లలకు చూపించడానికి బజర్ ఒకటి చేసిపెట్టమని అడగడానికి వచ్చి, తనే సోల్డరింగ్ నేర్చుకుని ఉండిపోయారు. వచ్చేవాళ్ళు వచ్చేవారు, పోయేవాళ్ళు పోయేవారు. నికరంగా మిగిలింది మేం ముగ్గురమే. కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్ళి ట్రాన్సిస్టర్లు కొనేవాళ్ళం. జుమ్మేరాత్ బజార్ తుక్కులో పాత టెలిఫోన్ రిలేలు, అంటే కరెంటు తగిలితే వాటంతటవే పడే చిన్న స్విచ్చులు, ఏరుకొచ్చేవాళ్ళం. ట్యాంకు నిండితే మోగే బజరూ, చీకటి పడితే వెలిగే లైటూ చేశాం. ఒక పని పూర్తయితే ఎల్లేశం ఎదురు హోటలు నుంచి చాయ్ తెప్పించేవాడు.

కార్ఖానాలో నేను ఎవరికీ పట్టని మనిషిని. ఏదైనా చెప్పబోతే మా ఆఫీసరు "నువ్వు మీటరు రీడింగ్ రాయవయ్యా, చాలు" అనేవాడు. ఆ కొట్టులో మాత్రం "సారు ఏమంటడో" అని ఆగేవాళ్ళు. ఆ మాట నాకు ఎంత రుచించేదో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది. చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

ఎల్లేశం అన్న పెంటయ్యది మాదాపూర్. కూకట్‌పల్లి నుంచి కైతలాపూర్ మీదుగా, రాతి గుండ్ల మధ్యన బండి బాట పట్టుకుని సైకిల్ మీద ముప్పావుగంట. అన్నదమ్ములది ఆ ఊరే, పని కోసం ఎల్లేశం ఇటు వచ్చాడు. పెంటయ్యకు ఒక బావి, అక్కడి మాటలో బాయి, దాని కింద వంకాయ, టమాట, కొంచెం వరి. ఆ రోజుల్లో పొలాలకు కరెంటు రోజుకు కొన్ని గంటలే ఇచ్చేవారు. ఎప్పుడు ఇస్తారో, ఎప్పుడు తీస్తారో ఎవరికీ తెలియదు. కరెంటు పోతే మోటారు ఆగుతుంది. తిరిగి వచ్చాక దానంతటది నడవదు, ఎవరో ఒకరు స్టార్టరు మీద పచ్చ బటన్ నొక్కాలి. ఆ ఒక్క బటన్ కోసం పెంటయ్య ఎండనకా వాననకా బాయికాడే పడి ఉండేవాడు. ఒక ఆదివారం కొట్టుకు వచ్చి గడప మీద కూర్చుని తమ్ముడితో అన్నాడు:

"రేడియో పాటకు ఇంత పరేషాన్ అయితున్రు. నా మోటరును కరెంటు వచ్చినప్పుడు నడిపిచ్చే మిషిని చెయ్యరాదురా?"

నవ్వుతూనే అన్నాడు. నేను మాత్రం ఆ రోజే కాగితం తీసుకున్నాను.

రెండు నెలలు పట్టింది. రేకు డబ్బా ఒకటి, అందులో మూడు ట్రాన్సిస్టర్లు, రెండు రిలేలు. కరెంటు వచ్చాక రెండు నిమిషాలు ఆగి, అది నిలకడగా ఉంటే, డబ్బాయే మోటారును నడిపిస్తుంది. చిక్కు ఒక్కచోటే వచ్చింది, దాన్ని ఎల్లేశమే పట్టుకున్నాడు. "సారూ, మనం కావాలని ఎర్ర బటన్ ఒత్తి బంజేస్తే, కరెంటు పోయిందనుకుని ఇది మళ్ల నడిపిస్తది గద?" అన్నాడు. అందుకని రెండో రిలే పెట్టాను. ఎర్ర బటన్ నొక్కితే ఆ రిలే పట్టుకుని ఉంటుంది. మనిషి ఆపాడన్న సంగతి డబ్బాకు అదే గుర్తు. మళ్ళీ పచ్చది నొక్కితేనే వదులుతుంది.

పెంటయ్య బాయికాడ బిగించిన రోజు పండగలా గడిచింది. బాయి ఒడ్డున రేకుల గదిలో, స్టార్టరు పక్కన గోడకు డబ్బాను మేకులతో బిగించాం. బాయిలో సగం లోతున రాతి అరుగు మీద మోటారూ పంపూ ఉంటాయి. పచ్చ బటన్ ఎవరూ ముట్టకుండా మోటారు కదిలి పైపులోంచి నీళ్ళు దూకితే, పెంటయ్య భార్య రుక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పెంటయ్య డబ్బా చుట్టూ రెండుసార్లు తిరిగి నన్నడిగాడు.

"లోపలికి దిగేటప్పుడు ఎర్ర బటన్ ఒత్తితే సాలా సారు? కరెంటు ఫీజులు గిట్ల గుంజాల్నా?"

"అక్కర్లేదు. ఎర్ర బటన్ చాలు" అన్నాను.

అప్పటికి నేను నమ్మిన మాటే అది. ఇంత మాత్రం నా తరఫున చెప్పుకోగలను.

చుట్టుపక్కల బాయిల వాళ్ళు అడిగారు. రెండు నెలల్లో మరో మూడు డబ్బాలు చేసి బిగించాం. పుణ్యవతిగారు తమకు తెలిసిన కరెంటాఫీసు ఇంజనీరు కామేశ్వరరావుగారిని ఒక ఆదివారం కొట్టుకు పిలిచారు. దానికి మూడు రోజుల ముందు, గురువారం, నేను కార్ఖానా నుంచి నేరుగా కొట్టుకు వెళ్ళాను. ఎల్లేశం బాలానగర్‌లో మోటారు దింపడానికి వెళ్ళాడు. ఇంజనీరు ముందు తడబడకూడదని కొత్త డబ్బాను బల్ల మీద పెట్టి ఒక్కణ్ణే పరీక్షిస్తున్నాను. ఎర్ర బటన్ నొక్కాను, రిలే పట్టుకుంది. సరిగ్గా అప్పుడు రోడ్డు పొడుగునా కరెంటు పోయింది. పది నిమిషాలకు వచ్చింది. నేను చాయ్ గ్లాసు పట్టుకుని ఊరికే చూస్తున్నాను. రెండు నిమిషాలు గడిచాక డబ్బాలో టక్కుమంది. మోటారు బదులు కట్టిన బల్బు వెలిగింది.

నేను పచ్చ బటన్ నొక్కలేదు.

చూడగానే అర్థమైంది. ఎర్ర బటన్ సంగతి గుర్తుపెట్టుకునే రిలే, కరెంటు ఉన్నంతసేపే పట్టుకుని ఉంటుంది. కరెంటు పోతే వదిలేస్తుంది. తిరిగి కరెంటు వచ్చేసరికి మనిషి ఆపాడన్న సంగతి డబ్బాకు గుర్తుండదు, నడిపించేస్తుంది. కరెంటు పోయి వచ్చే ఊళ్ళ కోసమే చేసిన డబ్బాలో, కరెంటు పోతే ఏమవుతుందన్నది నేను ఆలోచించలేదు.

బాగుచెయ్యడం కష్టమేం కాదు. చేత్తో తిప్పే స్విచ్చి ఒకటి మధ్యలో పెడితే చాలు, మనిషి తిప్పితే తప్ప మోటారు కదలదు. కానీ పెట్టాలంటే ఎందుకో చెప్పాలి. ఇంజనీరు వచ్చే ముందు, నాలుగు బాయిల మీద తప్పు డబ్బాలు ఉన్నాయని చెప్పాలి. ఆదివారం అయిపోనీ, సోమవారం చెబుదాం అనుకున్నాను.

ఆదివారం కామేశ్వరరావుగారు డబ్బా చూసి నా భుజం తట్టారు. "ఇంత పని చేసిన మనిషిని మీ కార్ఖానాలో ఏ సీట్లో కూచోబెట్టారండీ?" అన్నారు. ఎల్లేశం ముఖమంతా నవ్వయింది. పుణ్యవతిగారు నావైపు చూసి తల ఊపారు. నేను డబ్బాకు మూత పెట్టి స్క్రూలు బిగించాను. సోమవారం చెప్పలేదు. ఆ వారంలో ఏ రోజూ చెప్పలేదు. స్విచ్చులు మాత్రం కొని గదిలో పెట్టుకున్నాను. 'కొత్త మోడల్' అని చెప్పి మెల్లగా అన్నిటికీ మార్చేద్దాం, తప్పన్న మాటే రాకుండా సరిపోతుంది అని లెక్క వేసుకున్నాను.

మరుసటి ఆదివారం కొత్తగూడ వైపు వెంకటనారాయణ అనే ఆయన బాయికి అయిదో డబ్బా బిగించాం. అది కూడా పాత మోడలే. నా స్విచ్చులు గదిలోనే ఉన్నాయి. తిరిగి వస్తూ పెంటయ్య ఇంట్లో భోంచేశాం. రుక్కమ్మ జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టింది. పెంటయ్య నా ఎదురుగా కూర్చుని, "సారు రాక ముందు నా పెండ్లాం మొకం నేను చూడలే. బాయి మొకమే చూసిన" అంటే అందరం నవ్వాం. అప్పుడైనా, 'అన్నా, దిగేటప్పుడు ఫ్యూజులు తీసెయ్' అని ఒక్క మాట అనొచ్చు. దానికి కారణం కూడా చెప్పనక్కర్లేదు. ఎందుకనలేదో నాకు ఈనాటికీ సరిగ్గా తెలియదు. అంటే ఎందుకని అడుగుతాడేమోనని భయపడ్డానని అనుకుంటాను.

ఆ మంగళవారం పెంటయ్య చనిపోయాడు.

పంపు ఇరుసు చుట్టూ నీళ్ళు కారకుండా దారం కుక్కుతారు. ఆ దారం పాతబడి నీళ్ళు కారుతున్నాయని, పది గంటల వేళ ఎర్ర బటన్ నొక్కి కిందికి దిగాడు. అతను పనిలో ఉండగా కరెంటు పోయింది. బాయిలో ఉన్నవాడికి ఆ సంగతి తెలిసే దారి లేదు. ఆగి ఉన్న మోటారు ఆగే ఉంది. కాసేపటికి కరెంటు వచ్చింది, తర్వాత మోటారు కదిలింది. అతని భుజం మీది తువ్వాల ఇరుసులో చిక్కుకుని లాగింది. తల రాతికి తగిలి నీళ్ళలో పడ్డాడు.

రుక్కమ్మ అప్పుడు వంకాయ మడి దగ్గరుంది. మోటారు చప్పుడు విని, రిపేరు అయిపోయిందనుకుంది. కాలవలో నీళ్ళు వస్తే పార తీసుకుని మళ్ళు తిప్పింది. ఒక మడి నిండాక రెండోదానికి, రెండోది నిండాక మూడోదానికి. అన్నానికి ఇంకా రాడేమని బాయిగడ్డకు వెళ్ళి పిలిచేదాకా ఆమెకు తెలియదు.

నేను వెళ్ళేసరికి సాయంత్రమైంది. శవాన్ని పైకి తీసి వేపచెట్టు కింద పడుకోబెట్టారు. పోలీసులు వచ్చి రాసుకుని వెళ్ళిపోయారు. ఫ్యూజులు తియ్యకుండా బాయిలోకి దిగి ప్రమాదవశాత్తు మరణించాడని రాశారట. రేకుల గదిలో స్టార్టరు పక్కన గోడ మీద నాలుగు మేకు గుంటలు తప్ప ఏమీ లేదు. పోలీసులు రాకముందే ఎల్లేశం డబ్బాను ఊడదీసి, గోనెసంచిలో చుట్టి కొట్టుకు పంపేశాడు. నన్ను పక్కకు తీసుకుపోయి, "నీ పేరు తియ్యలే సారూ. ఆంధ్ర సారు పెట్టిన డబ్బా అంటే ఈడోళ్లు ఊకోరు. నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాడు. అతని చేతుల్ని నేను పట్టుకున్నాను. బల్బు సంగతి మాత్రం చెప్పలేదు.

దినాలు అయ్యేవరకు కొట్టు మూసే ఉంది. తర్వాత తలుపు ఓరగా తెరిచి ఉండటం చూసి లోపలికి వెళ్ళాను. ఎల్లేశం నేల మీద కూర్చున్నాడు. ముందర గోనెసంచి మీద ఆ డబ్బా, మూత విప్పి ఉంది. ఒక్కొక్క వైరును వేలితో పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు పోతున్నాడు. మళ్ళీ మొదటికి వస్తున్నాడు. గడ్డం పెరిగిపోయింది.

"సారూ, నేను యాడనో తప్పు కలిపిన. నేనే గద వైర్లు కలిపింది. నాల్గొద్దుల సంది చూస్తున్న, దొరుకుతలేదు. జర నువ్వు చూడు."

చూశాను. చూసినట్టు నటించాను అనాలి. చాలాసేపు వంగి కూర్చుని, "నువ్వు బాగానే కలిపావు ఎల్లేశం" అన్నాను.

"మరి ఎట్ల నడిసింది?"

"తెలీదు."

అతను నా ముఖంలోకి చూశాడు. అనుమానంతో కాదు. నాకు తెలియనిది కూడా ఉంటుందా అన్నట్టు చూశాడు. తర్వాత డబ్బాను మళ్ళీ దగ్గరికి లాక్కుని, మొదటి వైరు పట్టుకున్నాడు. వదిన తనవైపు చూస్తుంటే తల ఎత్తలేకపోతున్నానని, అన్నను తన చేతులే చంపాయని అన్నాడు. నేను లేచి వచ్చేశాను.

మిగతా నాలుగు డబ్బాలు బాయిల మీదే ఉన్నాయి. మర్నాడు కార్ఖానాకు సెలవు పెట్టి, గదిలోని స్విచ్చులు సంచిలో వేసుకుని సైకిలెక్కాను. 'కొత్త మోడల్' అనే చెబుదామని అప్పటికీ నా ఆలోచన. ముందు కొత్తగూడ వైపు వెళ్ళాను, అది దూరం కాబట్టి.

వెంకటనారాయణ బాయి దగ్గర పైన ఎవరూ లేరు. ఒడ్డు మీద ఒక జత చెప్పులు, విప్పిన అంగీ. లోపలి నుంచి ఇనుము మీద సుత్తి కొట్టిన చప్పుడు వస్తోంది. రేకుల గదిలోకి చూశాను. ఫ్యూజులు మూడూ వాటి చోట ఉన్నాయి. మీటరు పక్కన చిన్న బల్బు ఆరిపోయి ఉంది. కరెంటు లేదు.

నేను చూస్తుండగానే ఆ బల్బు వెలిగింది.

ఫ్యూజుల మీద పడ్డాను. మొదటిది వచ్చింది, రెండోది పీకేటప్పుడు చెయ్యి జారి రేకు అంచుకు కోసుకుంది, అయినా లాగేశాను. మూడోది తీసి నేల మీదికి విసిరేశాను. బాయి గడ్డ మీదికి పరిగెత్తి, "పైకి రండి! పైకి రండి!" అని అరిచాను.

వెంకటనారాయణ మెట్లెక్కి వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి, నిదానస్తుడు. నా చేతి నుంచి రక్తం కారడం చూసి తన అంగీతో కట్టు కట్టి, "ఏమైంది సారు?" అన్నాడు.

కొత్త మోడల్ కథ నోట్లోకి రాలేదు. "ఎర్ర బటన్ నొక్కినా, కరెంటు పోయి వస్తే ఇది మోటారును నడిపించేస్తుంది. తప్పు నాది" అన్నాను.

అతను బాయిలోకి చూశాడు. తర్వాత నావైపు.

"పెంటయ్యకు గిదే అయిందా?"

"అవును."

"ఎల్లేశంకు ఎర్కేనా?"

"లేదు, ఇంకా చెప్పలేదు" అన్నాను. వెంకటనారాయణ చెప్పులు తొడుక్కున్నాడు. "డబ్బా ఊడదీస్కపో. ఇంకెవలన్న చెప్పకముందే పోయి నువ్వే చెప్పు సారు. ఆ పోరడు పిచ్చోడు అయితుండు" అన్నాడు.

డబ్బా ఊడదీసి సైకిలు వెనక కట్టుకుని, అట్నుంచి అటే కూకట్‌పల్లి వెళ్ళాను. ఎల్లేశం బల్ల దగ్గర ఉన్నాడు. కూర్చోకుండానే చెప్పాను. గురువారం సంగతి, బల్బు వెలిగిన సంగతి, స్విచ్చులు కొని దాచుకున్న సంగతి, నిన్న "తెలీదు" అన్న సంగతి. ఎక్కడా ఆగకుండా చెప్పాను. ఆగితే మళ్ళీ ఏదో ఒకటి దాస్తానని భయం.

ఎల్లేశం చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది. దాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు.

"గురువారం అంటే... అన్న పోయేటానికి ఎన్ని దినాల ముందు?"

"పన్నెండు రోజులు."

"నడుమల మనం ఆల్లింట్ల రొట్టె తిన్నం."

"తిన్నాం."

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. అతను గోడ మీది గొళ్ళానికి ఉన్న చొక్కా తీసి తొడుక్కుని, "నడు. నాకు కాదు, మా వదినెకు చెప్పు" అన్నాడు.

మాదాపూర్ దాకా ఇద్దరం సైకిళ్ళ మీద వెళ్ళాం. అతను ముందు, నేను వెనక.

రుక్కమ్మ వాకిట్లో చేటలో కందులు బాగుచేస్తోంది. ఎల్లేశం గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆమెకు ట్రాన్సిస్టర్లూ రిలేలూ ఎలా చెప్పాలో తెలియక, "అమ్మా, ఎర్ర బటన్ చాలని అన్నతో నేనే అన్నాను. చాలదని తర్వాత నాకు తెలిసింది. వచ్చి చెప్పలేదు" అన్నాను.

ఆమె చేతులు ఆగిపోయాయి.

"మోటరు సప్పుడు ఇని నేను సంబురపడ్డ" అంది. నాతో అన్నట్టు లేదు. "మూడు మళ్లు పారిచ్చిన. లోపల ఆయన గట్ల పడి ఉంటే, నేను నీళ్లు తిప్పుకుంట ఉన్న. ఒక్కపారి పోయి తొంగి చూస్తే బతుకుతుండెనేమో అని దినాం అనుకుంటున్న."

"నీ తప్పు లేదమ్మా. ఎల్లేశం తప్పూ లేదు."

ఆమె అప్పుడు నా ముఖంలోకి చూసింది. "ఆ ఆయితారం నువ్వు మా ఇంట్ల అన్నం తిన్నవు గద. గప్పటికి నీకు ఎర్కనేనా?"

"ఎరుకే."

ఇంకేదో అడుగుతుందని నిలబడ్డాను. ఆమె చేట ఎత్తుకుని లోపలికి వెళ్ళింది. తలుపు వెయ్యలేదు. లోపల చీకట్లో చేట చెరుగుతున్న చప్పుడు మాత్రం వినిపించింది.

బాట మీదికి వచ్చాక, పోలీస్‌స్టేషన్‌కు వెళ్ళి ఉన్నది ఉన్నట్టు రాసిస్తానని ఎల్లేశంతో అన్నాను.

"రాసిస్తే డబ్బా యాడ పోయిందని అడుగుతరు. దాసింది నేను. నీకోసమే దాసిన" అన్నాడు. గొంతు పెంచలేదు. "గిప్పుడు నీకు చెప్పుకునే మోకా గూడ నేనే లేకుండ చేసిన. చూడు సారూ, నేను నిన్ను కొట్ట. పట్టియ్య. మిగిలిన డబ్బాలు నేనే పోయి ఊడదీస్త. ఆ స్విచ్చుల సంచి నాకియ్యి. నువ్వు మాత్రం ఇగ ఈడికి గాని, నా కొట్టుకు గాని రాకు."

సంచి ఇచ్చాను.

పుణ్యవతిగారికి నేనే వెళ్ళి చెప్పాను. స్కూలు వరండాలో నిలబడి అంతా విన్నారు. "కామేశ్వరరావుగారిని పిలిచింది నేనేనండీ. ఆ హడావుడి నేను పెట్టకపోతే మీరు చెప్పి ఉండేవారేమో" అన్నారు. కాదన్నాను. ఆవిడ నమ్మలేదు. ఆ ఏడాదే బదిలీ అడిగి వెళ్ళిపోయారు. నేను చేసిన పనికి ఎవరి వాటా వాళ్ళు తీసుకుని మోస్తున్నారు. వద్దన్నా దించుకోరు.

ఆదివారాలు కొట్టు తలుపులు మామూలు పనికే తెరుచుకునేవి. అట్టముక్క ఎవరు తీశారో తెలియదు. బుచ్చమ్మగారి గది ఖాళీ చేసి నేను మల్కాజిగిరిలో చేరాను. కార్ఖానాకు దూరమైనా, రెండు బస్సులు మారి వెళ్ళేవాణ్ణి. అయిదేళ్ళు సోల్డరింగ్ ఐరన్ ఇంట్లోకి తేలేదు. కార్ఖానాలో మీటరు రీడింగులు రాసుకుంటూ గడిపాను. ఏదైనా చెప్పాలనిపించినా చెప్పేవాణ్ణి కాదు. మా ఆఫీసరుకు అది నచ్చింది, ప్రమోషన్ కూడా ఇప్పించాడు.

1979లో ఒక శనివారం షిఫ్టు దిగి గేటు బయటికి వస్తే, ఎల్లేశం సైకిల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. జుట్టు అక్కడక్కడ నెరిసింది. పలకరింపులు లేవు. జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి ఇచ్చాడు. పెన్సిల్‌తో గీసిన సర్క్యూట్. స్టార్టరు డబ్బా, తను సొంతంగా గీసింది. ఎర్ర బటన్ నొక్కితే ఇనుప కొండీ పడుతుంది, చేత్తో ఎత్తితే తప్ప లేవదు, కరెంటుతో దానికి పని లేదు.

"రైతులు అడుగుతున్రు. చెయ్యాల్నని ఉన్నది. తప్పుంటే చెప్పు" అన్నాడు. సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఆదివారం పొద్దున నుంచి కాగితం ముందు కూర్చున్నాను. కొండీ బాగుంది, నేను గీసినదానికంటే వందరెట్లు బాగుంది. మధ్యాహ్నానికి ఒకటి కనబడింది. అతను పెట్టిన రిలే ఆ మోటారు కరెంటుకు చిన్నది. కొన్నాళ్ళకు దాని కొనలు కాలి ఒకదానికొకటి అతుక్కుపోవచ్చు. అతుక్కుంటే బటన్ నొక్కినా మోటారు ఆగదు. అన్నం తినకుండా బస్సెక్కాను. కూకట్‌పల్లిలో దిగేసరికి నాలుగు దాటింది. రోడ్డుకు అటువైపు కొత్తగా ఇళ్ళ కాలనీ లేస్తోంది, లారీల దుమ్ము. ఎల్లేశం కొట్టు అదే, పైన కొత్త రేకు బోర్డు.

గుమ్మంలోనే నిలబడి చెప్పాను. ఎక్కడ తప్పుందో, ఏ రిలే వాడాలో, ఎందుకో. అతనూ నిలబడే విన్నాడు. రెండు ప్రశ్నలు అడిగాడు, రెండూ సరైన ప్రశ్నలు. కాగితం మీద వేలితో ఆ చోటు చూపించమన్నాడు. చూపించాను.

"సరే" అన్నాడు.

లోపల ఇద్దరు కుర్రాళ్ళు మోటారుకు తీగ చుడుతున్నారు. ఖాళీ స్టూలు ఒకటి ఉంది. రుక్కమ్మ ఎలా ఉందని అడుగుదామనుకున్నాను. అతను అప్పటికే వెనక్కి తిరిగి, బల్ల లైటు కింద కాగితం పరిచి పెన్సిల్ అందుకున్నాడు. నేను రోడ్డు దాటి బస్‌స్టాపులో నిలబడ్డాను. సికింద్రాబాద్ బస్సు చాలాసేపటికి గాని రాలేదు.